ఇంటర్వెల్ తర్వాతి పేజీలు

నా ఉద్యోగం పుస్తకాలు చదవడం. ఈ మాట చెప్పగానే అదృష్టవంతుడివి అంటారు. మొదటి ఆరు నెలలు నేనూ అదే అనుకున్నాను.

ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా కంపెనీ ఆఫీసు, మూడో అంతస్తు, కిటికీ లేని గది. సినిమాకు పనికొచ్చే కథ దొరుకుతుందేమోనని పాత నవలలు, కొత్త నవలలు, వారపత్రికల సీరియళ్ల బైండులు తెప్పిస్తారు. నేను చదివి ఒక్కోదానికి ఒక్క పేజీ రిపోర్టు ఇవ్వాలి. ఇంజినీరింగ్ చదివి రెండేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసినవాణ్ణి కాబట్టి, చేరిన వారంలోనే దానికొక షీటు తయారు చేశాను. పదకొండు గడులు. ఒక్క వాక్యంలో కథ. హీరో ఎవరు, వయసెంత. ఇంటర్వెల్ ఏ పేజీలో పడుతుంది. సెకండాఫ్ బలమా, బలహీనమా. ఇలా సాగి చివరి గడిలో పదికి మార్కులు. చదువుతుంటే ఎలా ఉంది అనే గడి లేదు. అది లేదన్న సంగతి ఏడాదిన్నర దాకా నాకు తట్టలేదు.

ఇంటర్వెల్ దొరికిన పేజీకి పసుపు చీటీ అంటిస్తాను. మా కథావిభాగం పెద్దాయన గోదావరి వైపు మనిషి, అందరూ గురువుగారు అంటారు. ఆయన ఓపిక ఆ చీటీ వరకే. "ఇంటర్వెల్ చెప్పవయ్యా, మిగతాది మనం కూర్చుని వండుకుంటాం" అంటారు. నెలకు ఇరవై పుస్తకాలు. మెల్లగా నేను చీటీ తర్వాతి పేజీలను గబగబా తిప్పడం మొదలుపెట్టాను. తర్వాత చివరి అధ్యాయం ఒక్కటే చూసేవాణ్ణి. ఆ తర్వాత అదీ మానేశాను. సెకండాఫ్ గడిలో "బలహీనం" అని రాస్తే ఎదురు ప్రశ్న వేసినవాళ్లు లేరు.

ఒక ఆదివారం కృష్ణానగర్‌లో నా గదిలో దుమ్ము దులుపుతూ సొంతానికి కొనుక్కున్న పుస్తకాలు చూశాను. పద్నాలుగు. బస్సు టికెట్టో మందుల చీటీయో, గుర్తుగా పెట్టిన కాగితం పద్నాలుగింటిలోనూ సగం దగ్గరే ఉంది. వాటికి రిపోర్టు అడిగినవాళ్లు లేరు. అయినా అక్కడే ఆగిపోయాను. ఆ తర్వాత ఏమైందో తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. అన్నం కంచం పక్కన పుస్తకం పెట్టుకుని చిన్నప్పుడు రోజూ తిట్లు తిన్నవాణ్ణి నేను. చదవడం పోతే నా దగ్గర ఇంకేం మిగులుతుందో జాబితా రాద్దామని కాగితం తీశాను. ఒకటి అని అంకె వేసి, ఎదురుగా ఏం రాయాలో తెలియక మడిచి జేబులో పెట్టుకున్నాను.

మా ఆఫీసు కారు నడిపే అన్నకు యాభై దాటాయి. పుట్టి పెరిగింది ఈ చుట్టుపక్కలే. అందరి ముందూ నన్ను సార్ అంటాడు, ఎవరూ లేనప్పుడు తమ్మీ అంటాడు. పెద్దవాళ్ల గేట్ల బయట గంటలు గంటలు ఆగాలి కాబట్టి నేను చదివేసిన పుస్తకాలు పట్టుకెళ్తుంటాడు. ఎంచుకోవడంలో ఆయన పద్ధతి వేరు. నడిమధ్యకు తెరిచి, నాలుగైదు పేజీలు తిప్పి, ఎవరన్నా తింటున్నారా అని చూస్తాడు.

"తిండి సంగతి సక్కగ రాసినోడు మిగిలింది గూడ సక్కగనే రాస్తడు, తమ్మీ. బిర్యానీ తిన్నరు అని ఒక్క ముక్కల రాసి పోయిండనుకో, ఆ బుక్కు ఆడనే పెట్టాలె."

నా ఫోన్‌లో తర్వాత చదవాల్సినవి అరవై ఒకటి ఉన్నాయి, వరసగా, నెట్‌లో ఎవరెవరో వేసిన మార్కులతో. చూపిస్తే పకపకా నవ్వాడు. "గిది బుక్కుల లిస్టా, ఎగ్జామ్ రిజల్టా?"

మొన్న ఎండాకాలంలో ఒక రోజు, భోజనాలయ్యాక గురువుగారు ఫోన్ చేశారు.

"ఆ మెస్సు నవల ఉంది చూడు, దాని గురించి ఎవరో హీరోగారికి చెప్పార్ట. సెకండాఫ్ ఏంటని అడుగుతున్నారు. మూడింటికి ఇంటికి వెళ్లి చెప్పిరా."

"నేనా అండీ?"

"చదివింది నువ్వే కదయ్యా!"

అది రైల్వే జంక్షన్ దగ్గర మెస్సు నడిపే ఒకావిడ కథ. జ్వరం వచ్చి తగ్గాక ఆమె నాలుకకు రుచి తెలియకుండా పోతుంది. ఆ సంగతి దాచి, చేతి అలవాటు మీద వంట నెట్టుకొస్తుంటుంది. నూట అరవై నాలుగో పేజీలో ఒకాయన విస్తరి ముందు నుంచి లేచిపోతాడు, గుట్టు బయటపడుతుంది. అక్కడ పసుపు చీటీ. సెకండాఫ్: బలహీనం. నాకు తెలిసింది అంతే.

పుస్తకం కారులో అన్న దగ్గరే ఉంది. ఫిల్మ్ నగర్ నుంచి జూబ్లీ హిల్స్‌లో ఆ ఇంటికి పది నిమిషాలు.

"అన్నా, దీని వెనక సగం జర చెప్పవా."

"నువ్వు చదవలే. నాకు ఎర్కే."

"ఎట్లా?"

"పసుపు చిట్టీ దాటినంక పేజీలు అతుక్కొని ఉండె. నేనే ఊడదీసిన ఒక్కొక్కటి."

మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. అయినా అడిగాను. "సరే, చదవలేదు. ఇప్పుడు చెప్పు. ఉద్యోగం పోతుంది."

"చెప్ప." సిగ్నల్ దగ్గర బండి ఆపాడు. "ఇరవై ఏండ్ల సంది గీ సీట్ల కూసొని కథలు ఇంటున్న. ఆయన ఈయనకు చెప్తడు, ఈయన ఇంకొకాయనకు చెప్తడు. చదివినోడు ఒక్కడు లేడు. నీకు జీతమే చదవనీకి ఇస్తున్రు గదనే!"

గేటు దగ్గర సెక్యూరిటీ అతను లోపలికి ఫోన్ చేసి వచ్చి, "సార్ ఎక్సర్‌సైజ్‌ల ఉన్నడంట. జర ఆగున్రి" అన్నాడు. అన్న కారును గోడ నీడకు తీసి, అద్దాలు దించి, పుస్తకాన్ని వెనక్కి చాచాడు. తన కోసం ఇంకోటి తీసుకున్నాడు.

నూట అరవై ఐదో పేజీ తెరిచాను. మొదట పాత అలవాటే. గొడవ ఎక్కడ ముదురుతుంది, విలన్ ఎవరు అని కళ్లు వెతికాయి. ముదరలేదు. ఆ లేచిపోయినాయన మర్నాడు మళ్లీ వస్తాడు. సరాసరి వంటింట్లోకి వెళ్లి, చెయ్యి చాచి, అరచేతిలో సాంబారు చుక్క వేయించుకుని, "ఇంకో చిటికెడు ఉప్పు పడుద్ది" అని వచ్చి కూర్చుంటాడు. మరునాడు స్టేషన్ కూలీ. ఆ తర్వాత టికెట్లు ఇచ్చే గుమాస్తా. అతనికి ఉప్పు సంగతి ఏమీ తెలియదు, ప్రతిసారీ తప్పే చెబుతాడు, ఆమె అతని మాటే వింటుంది. ఆ రోజు అందరూ మారు మాట్లాడకుండా ఉప్పు కషాయం తిని వెళతారు. నేను గట్టిగా నవ్వాను. అన్న అద్దంలోంచి చూశాడు. "గుమాస్తా వచ్చిండా?" అని మళ్లీ తల దించుకున్నాడు.

చొక్కా సీటుకు అతుక్కుపోయింది. మెడ నొప్పి. ఏ పేజీలో ఉన్నానో చూసుకోవడం ఎప్పుడు మానేశానో తెలియదు.

ఐదున్నరకు సెక్యూరిటీ అతను వచ్చాడు. హీరోగారు ఇంకో గేటు నుంచి బయటికి వెళ్లిపోయారట. రేపు ఫోన్ చేస్తారట. అప్పుడు పేజీ చూశాను. రెండు వందల అరవై ఎనిమిది. ఇంకా నలభై నాలుగు ఉన్నాయి.

తిరుగుదారిలో చెక్‌పోస్టు దగ్గర కార్లు కదలడం లేదు. అన్నకు జాలేసినట్టుంది.

"పాపం, రేపు మళ్ల పిలుస్తరు గదా. సరే ఇను, చెప్త. ఆఖరికి ఆమె నాలుక..."

"వద్దన్నా. చెప్పకు!"

నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. అన్న హారన్ కొట్టి, "గట్లుండాలె" అన్నాడు.

మర్నాడు ఫోన్ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. హీరోగారు వేరే కథ ఒప్పుకున్నారని గురువుగారు చెప్పారు. మిగిలిన నలభై నాలుగు పేజీలూ చదివాక నేను షీటులో "బలహీనం" చెరిపి, ఆ చిన్న గడిలో పట్టినంత రాశాను. ఇప్పటిదాకా దాన్ని తెరిచినవారు లేరు. నెలకు ఇరవై పుస్తకాలు అలాగే వస్తున్నాయి, చాలావాటిని ఇంకా సగంలోనే వదిలేస్తున్నాను.

కాకపోతే గదిలో ఆ పద్నాలుగు పుస్తకాలనూ నేల మీద పరిచి, ఒక్కొక్కటే నడిమధ్యకు తెరిచి చూశాను. మొదటి మూడింటిలో అందరూ మాట్లాడుతున్నారు. నాలుగోదాంట్లో ఒక ముసలాయన వరండాలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తూ, గింజలు మనవరాలి దోసిట్లో వేసి, పొట్టు తన జేబులో వేసుకుంటున్నాడు. బస్సు టికెట్టు తీసేసి, మొదటి పేజీకి తిప్పాను.