బసవలింగం తెచ్చిన గంగ

బాపట్ల రథం బజారులో నేత బట్టల కొట్టున్న బసవలింగానికి దేవుడి మీద భక్తి లేదని ఎవరూ అనలేరు. ఉండేది. కాకపోతే జపాను మీద ఇంకొంచెం ఎక్కువ ఉండేది.

కొట్టుకొచ్చిన ఆడవాళ్ళు నైలాను చీరల ఊసెత్తితే మాత్రం అతనికి ఒళ్ళు మండేది. "ఆ గుడ్డ కట్టుకుని ఎండలో నిలబడండమ్మా, పప్పులా ఉడికిపోతారు. నేత చీర ఒంటికి చల్లన, ఇంటికి చల్లన" అని ఊదరగొట్టేవాడు. చెప్పేవన్నీ శ్రీరంగనీతులు. కొట్టు కట్టేశాక టెరిలిన్ చొక్కా తొడుక్కుని బజారంతా ఓ చుట్టు చుట్టి వచ్చేవాడు. ఎవరి చేతికైనా ఫారిన్ వాచీ కనిపిస్తే చాలు, "టైమెంతయిందండీ" అని అడిగి, వాళ్ళు చెప్పేలోగా ఆ చెయ్యి పట్టుకుని వాచీని అటూ ఇటూ తిప్పి చూసేవాడు. అతని కొట్లో గోడ గడియారం ఉందన్న సంగతి ఊరందరికీ తెలుసు.

1973 ఎండాకాలంలో తెనాలి సుందరయ్య యాత్రా స్పెషల్ బస్సు వేశాడు. కాశీ, ప్రయాగ, గయ, ఆ పైన నేపాల్లో పశుపతినాథుడు. ఏటా వేసేదే. ఈసారి బట్టలు కొనడానికి కొట్టుకొచ్చినప్పుడు సుందరయ్య ఓ మాట బసవలింగం చెవిన వేశాడు. ఖాట్మండు బజారులో జపాను వాచీలు వంకాయల్లా గుట్టలు పోసి అమ్ముతారట. ఇంకేముంది, ఆ వారంలోనే బసవలింగానికి పశుపతినాథుడు కలలో కనిపించాడు. తిరుపతి తీసుకెళ్ళమని ఏళ్ళ తరబడి పోరినా కదలని మనిషి, "జీవితం నీటి బుడగ వెంకాయమ్మా, కాశీకి వెళ్ళొద్దాం" అనేసరికి భార్య వెంకాయమ్మ అతని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది, జ్వరమేమోనని.

వెళ్ళేది కాశీకని చెప్పినా, విభూతి తెమ్మని అడిగినవాడు ఒక్కడు లేడు. వెంకాయమ్మ అక్కకి నైలాను చీర కావాలి, పూలపూలది. పక్క కొట్టాయనకి మడిచి సంచిలో పెట్టుకునే గొడుగు. అద్దె ఇంటాయనకి టార్చిలైటు. అందరూ "మీకు వీలయితేనేనండి" అన్నారు, అని ఏ రంగు తేవాలో కూడా చెప్పారు. బసవలింగం అందరికీ తల ఊపాడు. ఫారిన్ వెళ్ళేవాడికి ఆ మాత్రం బరువు తప్పదు కదా.

రేపల్లెలో ఉన్న మేనత్త అంకాలమ్మకు చెప్పి రావడానికి వెళ్ళాడు. తల్లి లేని పిల్లాణ్ణి పెంచింది ఆవిడే. మగ్గం పక్కన కూర్చుని ఓ చేత్తో కండెలు చుడుతూ, ఒళ్ళో వీణ్ణి వేసుకుని జోకొట్టిన మనిషి. ఆవిడ పిల్లలు పురిట్లోనే పోయారు, భర్త కిందటేడు పోయాడు.

"నాకు చీరలూ వద్దు, గొడుగులూ వద్దురా లింగం. ఒక్క చెంబుడు గంగ పట్రా. మీ మావ పోయేటప్పుడు గొంతులో కాలవ నీళ్ళే పోశాం. గుటక పడలేదు. అదే నా కళ్ళ ముందు మెదుల్తుంటది. నేను పోయేటప్పుడన్నా నోట్లో గంగ పడితే చాలు."

"దానికేం భాగ్యం అత్తా, తేకుండా ఉంటానా" అన్నాడు బసవలింగం. ఉత్తుత్తి మాట కాదు. అంటున్నప్పుడు కళ్ళు కూడా చెమర్చాయి.

కాశీలో అందరూ తమకిష్టమైనదొకటి వదిలేస్తారు. వెంకాయమ్మ పిచ్చిది, మామిడిపండు వదిలేసి వెక్కి వెక్కి ఏడ్చింది. బసవలింగం మాత్రం నడుం లోతు నీళ్ళలో నిలబడి, ఆకాశం వైపు చూసి, కాకరకాయ వదిలేశాడు. పుట్టి బుద్ధెరిగాక కాకరకాయ ముక్క అతని నాలుకకు తగిలింది లేదు. ఆ త్యాగం చేసి ఒడ్డెక్కి, రాగి చెంబు కొని, గంగ నింపి, మూతికి సీసం మాటు వేయించాడు. అది మాత్రం శ్రద్ధగానే చేశాడు. ఖాట్మండు దాకా కొండల్లో బస్సు గిరగిర తిరుగుతుంటే, అందరూ కిటికీల్లోంచి వాంతులు చేసుకుంటుంటే, చెంబును చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

పశుపతినాథుడి దర్శనం తడిబట్టలు ఆరేలోపే అయిపోయింది. దేవుడు ఎక్కడికీ పోడు, బజారు కట్టేస్తారని సుందరయ్య తొందరపెట్టాడు. ఇక చూడాలి మనవాళ్ళ భక్తి. ఇసుక వేస్తే రాలని జనంలో దూరి, వచ్చిన హిందీ నాలుగు ముక్కలూ అయిపోయాక తెలుగులోనే బేరాలు మొదలుపెట్టారు. "ఏంటి బాబూ, మరీ అన్యాయం, చూసి చెప్పు" అని వెంకాయమ్మ గడ్డం పట్టుకుని బతిమాలితే, ఆ నేపాలీ కొట్టాయన ఏమర్థం చేసుకున్నాడో తగ్గించాడు.

బసవలింగం మాత్రం వ్యాపారస్థుడు. బట్టను నమ్మి కొనే రకం కాదు. బాపట్లలో నూలు మంచిదో కల్తీదో తేల్చుకోవాలంటే బట్ట అంచున ఓ పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడటం అలవాటు. వదినగారి కోసం తీసిన పూల నైలాను చీరకూ అదే పని చేశాడు. పోగు రాలేదు. సరే, కొంగు చివరే కాస్త వేడి చూపిద్దామని పుల్ల గీశాడు. నైలాను కదా, బుస్సుమని ముడుచుకుని బొటనవేలంత కన్నం పడింది. కొట్టాయన తిట్టిన తిట్లు భాష రాకపోయినా అందరికీ అర్థమయ్యాయి. చీర కొనక తప్పలేదు. "అక్కకి ఏం చెబుతారు?" అని వెంకాయమ్మ అడిగితే, "జపాను వాళ్ళు గాలి ఆడటానికి పెట్టిందని చెప్పు" అన్నాడు.

గొడుగు కొన్నాడు, టార్చి కొన్నాడు, ఎవరూ అడగని పూసల గొలుసులు కూడా కొన్నాడు. ఆఖర్న వాచీ. నీలం డయలు, మెరిసే గొలుసు, కీ ఇవ్వక్కర్లేదట, చెయ్యి ఊపితే దానంతటదే తిరుగుతుందట. దాన్ని చేతికి పెట్టుకున్న దగ్గర్నుంచి బసవలింగం మాట్లాడేటప్పుడు చెయ్యి ఊపడం ఎక్కువయింది.

ఆ సంబరం సరిహద్దు దగ్గరికి బయల్దేరేదాకానే నిలిచింది. సుందరయ్య బస్సులో లేచి నిలబడి కస్టమ్స్ వాళ్ళ కథలు మొదలుపెట్టాడు. కిందటేడు ఒకాయన దిండు చింపి దూది దూదిగా వెతికారట. ఒకావిడ సిగముడి విప్పించారట. చీరలకైతే ఆడవాళ్ళే దారి చూసుకున్నారు. వెంకాయమ్మ ఒకదాని మీద ఒకటి నాలుగు నైలాను చీరలు చుట్టుకుని, ఆ ఎండలో వడ్లు పోసిన గాదెలా కూర్చుని ఉడికిపోతోంది. నేత చీర చల్లదనం గురించి మొగుడు అప్పుడు ఒక్క ముక్క మాట్లాడలేదు. వాచీని ఎక్కడ దాచాలో తోచక అతను సంచులన్నీ తడిమి, చివరికి ఒళ్ళో ఉన్న చెంబు వైపు చూశాడు.

వెంకాయమ్మ కునుకు తీస్తుండగా, బస్సు ఆగిన బజారులో మాట్లు వేసేవాణ్ణి పట్టుకున్నాడు. సీసం విప్పించాడు. గంగను పక్కనున్న వాగులో వంపేశాడు. ఎటు పోయినా ఆ వాగు గంగలోనే కలుస్తుందట, అలాంటప్పుడు దోషమేముంది? వాచీని దూదిలో చుట్టి చెంబులో కుక్కి మళ్ళీ మాటు వేయించాడు. ఇంటికెళ్ళాక విప్పి, కృష్ణ నీళ్ళు పోస్తే సరి. అన్ని నదుల్లోనూ గంగమ్మే ఉంటుందని పురాణాల్లోనే ఉంది. మనిషికి తప్పు చేయాలనిపించినప్పుడు పురాణాలు ఎంత బాగా గుర్తొస్తాయో.

సరిహద్దులో ఆఫీసరు సంచులన్నీ బోర్లించాడు, గొడుగూ టార్చీ చిల్లర సరుకని వదిలేశాడు. బసవలింగం ఒళ్ళో చెంబు చూసి, "గంగా మయ్యా" అని రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాడు. బసవలింగం కూడా ఆయన్ని దీవించినట్టు చెయ్యెత్తాడు.

పాపం, గంగ ఇంకో అవకాశం కూడా ఇచ్చింది. తిరుగుదారిలో బస్సు మళ్ళీ గంగ మీద వంతెన దాటి, అవతలి ఒడ్డున ఆగింది. అందరూ దిగి మునకలు వేశారు. చెంబు విప్పి నింపుకోవడానికి ఎంత సేపు పడుతుంది? కానీ దారిలో ఇంకా చెకింగులుంటాయని సుందరయ్య అన్నాడు. బసవలింగం గంగను చూశాడు, చెంబును చూశాడు, మునిగి, లేచి, బస్సెక్కి కూర్చున్నాడు. అత్త మాట గుర్తు రాలేదా అంటే వచ్చింది. వచ్చినా కూర్చున్నాడు, అదీ నాకు ఒళ్ళు మండే సంగతి.

బస్సు తెనాలి చేరేసరికి మేళంతో సహా అంకాలమ్మ ఎదురొచ్చి ఉంది. కాశీ నుంచి వచ్చినవాళ్ళకి మేళంతో ఎదురెళ్ళడం మర్యాద. ఆవిడ మేనల్లుడికి పసుపునీళ్ళతో కాళ్ళు కడిగి, చెంబును రెండు చేతులా అందుకుని నెత్తిన పెట్టుకుంది.

"ఇటివ్వు అత్తా, నేను మోస్తాలే."

"ఇంత దూరం మోశావు చాల్లేరా. ఏంట్రా, ఇంత తేలిగ్గా ఉంది?"

"పుణ్యాత్ములకి అలాగే ఉంటుందత్తా" అన్నాడు బసవలింగం. ఆవిడ నవ్వి ముందుకు నడిచింది. ఆవిడ అడుగేసినప్పుడల్లా నెత్తిన చెంబు ఊగుతోంది. ఊగితే వాచీ తిరుగుతుంది. ఆ చప్పుడు ఎక్కడ వినిపిస్తుందోనని బసవలింగం సన్నాయి వాళ్ళని ఊపిరి తీసుకోనివ్వలేదు. స్టేషను దాకా వాయించి వాయించి వాళ్ళ బుగ్గలు వాచిపోయాయి.

కాశీ వెళ్ళొస్తే చేసే సమారాధన రేపల్లెలో తన ఇంట్లోనే అని అంకాలమ్మ చెప్పేసింది. రైల్లో చెంబు ఆవిడ ఒళ్ళో. ఇంట్లో దేవుడి అరలో, తాళం ఆవిడ బొడ్లో. బసవలింగం కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. ఒక్క మాట చెప్పేస్తే పోయేది. నాలుగుసార్లు చెబుదామనుకుని, నాలుగుసార్లూ మంచినీళ్ళు అడిగి తాగాడు.

మర్నాడు పొద్దున్నే చుట్టాలూ పక్కాలూ దిగారు. బాపట్ల నుంచి వదినగారూ, పక్క కొట్టాయనా, ఇంటాయనా కూడా వచ్చారు, గంగ కోసమేనన్నారు. ముందుగా సరుకు పంపకాలయ్యాయి. గొడుగు తెరుచుకుంది కానీ మళ్ళీ మూసుకోలేదు. దాన్ని నలుగురూ పట్టి గుంజుతుండగా, ఇంటి పూజలు చేయించే జంగమయ్య వచ్చి పీట వేశాడు. బావి నీళ్ళ బిందెలో గంగ కలిపి అందరికీ ఉద్ధరిణెతో పోయడం ఆనవాయితీ. జంగమయ్య చాకుతో సీసం గీకి, చెంబును ఇంటి పెద్ద అంకాలమ్మ చేతికిచ్చాడు.

ఆవిడ కళ్ళకద్దుకుని, మూత తీసి, లోపలికి చూసింది.

తర్వాత తలెత్తి బసవలింగాన్ని చూసింది. ఇప్పుడింక అందరి ముందూ తన పరువు పోయినట్టేనని అతను కళ్ళు మూసుకున్నాడు.

"గంట కొట్టు జంగమయ్యా" అంది అంకాలమ్మ. అని, చెంబు మూతికి కొంగు అడ్డం కప్పి, బిందె మీద వంచింది.

"కొంగెందుకు పెద్దమ్మా?" అని అడిగింది వెంకాయమ్మ.

"దిష్టి తగలకూడదమ్మా."

గంట మోగినంతసేపూ చెంబు వంచే ఉంచింది. ఆ తర్వాత తన చేత్తోనే అందరికీ తీర్థం పోసింది. రేపల్లె బావి నీళ్ళు ఉప్పగా ఉంటాయని పుట్టినప్పటి నుంచీ ఎరిగినవాళ్ళంతా, ఎంత తియ్యగా ఉందో అన్నారు. ఒకాయనకి అక్కడికక్కడే మోకాలి నొప్పి తగ్గింది. బసవలింగం చేతిలో కూడా ఆవిడ మూడు ఉద్ధరిణెలు పోసింది. అతను తాగాడు.

"మీరు పుచ్చుకోలేదే పెద్దమ్మా" అంది వెంకాయమ్మ.

"నేను ఎప్పుడో పుచ్చుకున్నానులేమ్మా" అంది అంకాలమ్మ. ఆవిడ పెదాలు పొడిగా ఉండటం బసవలింగం ఒక్కడే చూశాడు.

భోజనాలయ్యాక ఆవిడ పెరట్లోకి పిలిచింది. కొంగు కింద నుంచి దూది చుట్టిన వాచీ తీసింది. బసవలింగం కాళ్ళ మీద పడ్డాడు. బోరుమని ఏడ్చాడు. ఆ ఏడుపులో ఈసారి కాకరకాయ వంటిదేమీ లేదు. "మళ్ళీ వెళ్తానత్తా. కొట్టు కట్టేసి అయినా సరే, రేపే బయల్దేరతాను. గంగ తెచ్చి నా చేత్తో నీకు పోస్తాను" అన్నాడు.

అంకాలమ్మ అతన్ని లేపింది. చెయ్యి పట్టుకుని, చిన్నప్పుడు మొలతాడు కట్టినంత ఓపికగా, ఆ వాచీ గొలుసు తనే మణికట్టుకు పెట్టింది.

"వెళ్ళు నాయనా. ఇప్పుడు వాచీ ఉందిగా. నేను పోయేలోగా టైము చూసుకుని వచ్చెయ్."