పదిహేడో నంబరు తలుపు

మా వదిన గురించి ఎవరైనా అడిగితే రెండు ముక్కల్లో తేల్చేసేదాన్ని. బట్టలు కుడుతుంది, మాట్లాడదు. అన్నయ్య పోయాక ఉన్న ఆ కాస్త మాట కూడా మానేసింది. ఆయన్ని తీసుకెళ్ళిన రోజు అందరం గోల పెట్టి ఏడుస్తుంటే, ఈవిడ ఎవరిదో ప్యాంటు మర్నాటికి ఇవ్వాలని కూర్చుని అంచు మడిచి కుట్టింది. మనిషా, బండరాయా అని మనసులోనే తిట్టుకున్నాను. నా నోరు మంచిది కాదని అందరికీ తెలుసు, నా మనసు అంతకన్నా మంచిది కాదు.

అన్నయ్య ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసేవాడు. నలభై ఏళ్ళ కిందట మావాళ్ళకి ఇప్పుడు వదిన ఉంటున్న వీధిలో ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు కాదు. గేటుకి ‘ఇల్లు ఖాళీ’ అని అట్ట వేలాడుతుండేది, మా మొహాలు చూడగానే ఆ ఇల్లు నిండిపోయేది. అన్నయ్య కోర్టుకెక్కి, పదిహేడో నంబరు ఇల్లు సంపాదించి, కొత్త పెళ్ళాంతో కాపురం పెట్టాడు. మూడో వారంలో కిటికీలు పగలగొట్టారు. ఇదేమిటని నిలదీసినందుకు, పగలగొట్టినవాళ్ళని వదిలేసి ఆయన్ని ఏడు నెలలు జైల్లో పెట్టారు. బయటికొచ్చాక కాలికి బలపం కట్టుకుని తిరిగి, మావాళ్ళు ఎక్కడైనా ఇల్లు తీసుకోవచ్చని చట్టం తెచ్చేదాకా ఊరుకోలేదు. ఇప్పుడు ఆ వీధిలో సగం మావాళ్ళే.

ఆయన పోయిన ఏడాదికి, వీధికి ఆయన పేరు పెట్టించాలని కమిటీ వేశాం. డ్రాయింగ్ మాస్టారు అధ్యక్షుడు. నేను కార్యదర్శిని. కోర్టులో ముప్పై ఏళ్ళు టైపు కొట్టి రిటైరయ్యాను, కామా తప్పిపోయినా కాగితం చింపేసేదాన్నని నన్ను కామా పిన్ని అంటారు. అర్జీ నేనే రాశాను. కమిటీ ఆఫీసు వదిన ముందుగది. మేం అక్కడ గొంతులు చించుకుంటుంటే ఆవిడ వెనకగదిలో మిషను తొక్కుకునేది. అడక్కుండానే టీ వచ్చేది. గ్లాసులు తీసుకెళ్ళడానికి ఎప్పుడొచ్చేదో తెలిసేది కాదు.

మున్సిపాలిటీ వాళ్ళ నిబంధన ప్రకారం వీధిలో మూడింట రెండొంతుల ఇళ్ళవాళ్ళు, ఇంటికొకరు చొప్పున, ఒకే అర్జీ కింద సంతకాలు పెట్టాలి. మొత్తం నలభై రెండు ఇళ్ళు, ఇరవై ఎనిమిది సంతకాలు కావాలి. మొదటి సంతకం పడ్డాక అర్జీలో ఒక్క మాట కొట్టేసినా, దిద్దినా చెల్లదు. గడువు దాటితే మళ్ళీ ఐదేళ్ళకి గానీ అడగడానికి లేదు. మాస్టారికి డెబ్బై ఎనిమిది. నాకు మోకాళ్ళు లేవు. ఐదేళ్ళ తర్వాత తిరిగేవాళ్ళెవరు?

ఆఖరి రోజు మధ్యాహ్నానికి ఇరవై ఏడు తేలాయి. ఒక్కటి తక్కువ. సాయంత్రం ఐదింటికి కౌంటరు మూసేస్తారు.

“ఆ చివరింట్లో తాళాలు బాగుచేసే ఆయన్ని మళ్ళీ బతిమాలదాం,” అన్నారు మాస్టారు.

“నాలుగుసార్లు తలుపేసుకున్నాడు మొహం మీద. అయిదోసారి నావల్ల కాదు,” అన్నాను.

ఇంటి నంబర్ల జాబితా ముందేసుకుని వేలు పెట్టి లెక్క చూస్తూ పదహారు దగ్గర ఆగాను. తర్వాతి సంతకం పద్దెనిమిదిది. పదిహేడు ఎదురుగా గడి ఖాళీగా ఉంది. సంతకం లేదు, కాదన్నారన్న గుర్తూ లేదు. ఏడాదిగా రోజూ ఈ గదిలోంచే లేచి పక్కింటి నుంచి మొదలుపెట్టి వీధంతా తిరిగాం. ఇదీ ఒక ఇల్లేనని ఒక్క బుర్రకీ తట్టలేదు. నాకు సిగ్గేసింది, దానికంటే ముందు, నిజం చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది.

అర్జీ పట్టుకుని వెనకగదిలోకి వెళ్ళాం. వదిన ఒక చొక్కా కాలరు విప్పి తిరగేసి కుడుతోంది.

“అమ్మా, మీరొక్క సంతకం పెట్టాలి,” అన్నారు మాస్టారు.

“ఏం రాశారు?” అంది మిషను ఆపకుండానే.

ఏడాదిలో ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న అది. చదివాను. నా రాత మీద నాకు మురిపెమే కదా, గొంతు పెంచి మరీ చదివాను. ‘ఆయన జైలులో ఉన్న ఏడు నెలలూ ఇల్లు తాళం వేసి ఉంది. విడుదలయ్యాక వారు మళ్ళీ ధైర్యంగా అదే ఇంట కాపురం పెట్టారు’ అన్న దగ్గర మిషను ఆగింది.

“తాళం ఎవరేశారు?” అంది.

“అదేంటి వదినా? నువ్వు మీ అమ్మగారి ఊరెళ్ళిపోయావు కదా. నేను బస్సెక్కి పడుతూ లేస్తూ వచ్చాను. తలుపు తట్టి తట్టి చేతులు నొప్పెట్టి వెనక్కి పోయాను.”

“మంగళవారం వచ్చావు. మూడుసార్లు తట్టావు,” అంది వదిన.

చదువుతున్న కాగితం కిందికి దించాను.

“లోపలే ఉన్నాను. ఇల్లు వదిలితే ఖాళీ చేశారని రాసుకుని వేరేవాళ్ళకి ఇచ్చేస్తారని మీ అన్నయ్య చెప్పి వెళ్ళారు. అందుకని గడప దాటలేదు. ఒంటరిగా ఉన్నానని తెలిస్తే మళ్ళీ మీదికొస్తారని కిటికీలకి దుప్పట్లు కట్టాను. మిషను చప్పుడు వినిపిస్తుందని చేత్తోనే కుట్టాను. పాలావిడ వెనకగోడ దగ్గర నిలబడి పేరు పెట్టి పిలిచేది, ఆవిడకి తీసేదాన్ని. ముందు తలుపు ఎవరెవరో తట్టేవాళ్ళు. నువ్వూ తట్టావు, పిలవలేదు. నువ్వు మెట్లు దిగి వెళ్తుంటే దుప్పటి సందులోంచి నీ జడ చూశాను.”

పాలు అయిపోయాయి అన్నట్టే చెప్పింది. గొంతులో తడి లేదు.

“మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?”

“అడగలేదుగా.”

అన్నయ్య ఎన్ని సభల్లో మాట్లాడాడో నాకు గుర్తు. జైలు గోడల గురించి గంటలు గంటలు చెప్పేవాడు. ఇంటి సంగతి ఎత్తేవాడు కాదు. నేనూ ఎప్పుడూ అడగలేదు. వీధిలో మావాళ్ళకి దొరికిన ఒక్క ఇల్లూ చేజారకుండా ఏడు నెలలు పట్టుకుని కూర్చున్న మనిషిని, ఇంట్లో లేదని నా చేత్తో టైపు చేశాను. బండరాయి అన్నాను.

“ఆ ఒక్క ముక్కా కొట్టెయ్. పెడతాను,” అంది వదిన.

“కొడితే చెల్లదమ్మా,” అన్నారు మాస్టారు నేల చూపులు చూస్తూ. “ఇరవై ఏడూ పోతాయి.”

గోడ గడియారం మూడున్నర దాటింది. చింపేయమని ఒక్క మాటంటే చింపేసేదాన్ని, కామా కోసం చింపిన దాన్ని దీనికి చింపనా? ఆవిడ అనలేదు. కాలరు పక్కన పెట్టి కాగితం మీదికి వంగింది. ప్రతి సంతకం పక్కనా ‘ఎప్పటి నుంచి నివాసం’ అని ఓ గడి ఉంది. అందరూ ఏదో ఒక సంవత్సరం పడేసి ఊరుకున్నారు. వదిన మొదట సంతకం చేసి, ఆ గడిలో కాపురానికొచ్చిన రోజు తారీఖు, నెల, సంవత్సరం వేసింది. చోటు చాలక పక్క అంచులోకి పోయి, ‘మధ్యలో ఒక్క రోజూ వదల్లేదు’ అని రాసింది. పెన్ను నాకిచ్చి మిషను తొక్కడం మొదలుపెట్టింది.

కౌంటరు గుమాస్తా సంతకాలు లెక్కపెట్టుకున్నాడు. అర్జీ చదవలేదు, అంచులో రాసింది అంతకన్నా చదవలేదు. ముద్ర కొట్టి లోపల పడేశాడు.

మూడు నెలలకి వీధి రెండు చివర్లా అన్నయ్య పేరుతో బోర్డులు లేచాయి. నన్ను మాట్లాడమన్నారు. ఏడు నెలల సంగతి చెబుదామని లేచాను. ముందు వరసలో వదిన ఎటో చూస్తూ కూర్చుని ఉంది. ఏడుపొచ్చి సగంలో కూర్చుండిపోయాను. అన్న మీద ప్రేమ అనుకుని జనం చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు వదినని చూడ్డానికి వెళ్తే తలుపు తట్టను. పాలావిడలా పేరు పెట్టి పిలవలేను గదా, మొదటి మెట్టు మీంచే “వదినా, నేను” అని అరుస్తాను. పక్కింటివాళ్ళు తొంగి చూస్తారు.

“తీసే ఉందిగా, ఎందుకా కేకలు?” అంటుంది లోపల్నుంచి.

అయినా తర్వాతి మెట్టెక్కే ముందు ఇంకోసారి పిలుస్తాను.