సిరిసిల్ల దారిలో అరవై ఒకటో పేజీ

ఉదయం ఆరూ నలభైకి మా ఊళ్లో మెట్‌పల్లి ఆటో ఎక్కాను. మాది ఇబ్రహీంపట్నం మండలంలో చిన్న ఊరు. పసుపు ఉడకబెట్టే రోజులు కాబట్టి దారి పొడవునా చేలల్లో ఆవిరి లేస్తోంది, ఆటో నిండా అదే వాసన. సంచిలో నీళ్ల సీసా, రెండు సర్వపిండి ముక్కలు, ఆధార్ కార్డు, ఒక నవల ఉన్నాయి. వెళ్తున్నది సిరిసిల్లకు. అక్కడ పదకొండింటికి పుస్తకాలు చదివేవాళ్లు కలుసుకుంటారు.

ఈ కలయిక రెండు నెలలకొకసారి, వంతులవారీగా జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో జరుగుతుంది. పదిహేను ఇరవై మంది వస్తారు. ఇప్పుడు చేతిలో ఉన్న పుస్తకం గురించే చెప్పాలి, ఎప్పుడో చదివేసినది కాదు. ముగింపు తెలిసినవాళ్లు దాన్ని బయటపెట్టకూడదు. అంతకుమించి షరతులేమీ లేవు, ఎవరైనా రావచ్చు.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై రెండో ఏట. ఇంట్లో బీడీలు చుడుతూ కూర్చున్నప్పుడు మా కోడలు, పనికిరాని తునికాకు ముక్క మీద కత్తెర మొనతో రోజుకొక అక్షరం గీసి ఇచ్చేది. నాలుగేళ్లయింది. ఇప్పుడు నవలలు చదువుతాను కానీ గొంతు లేకుండా చదవలేను. వేలు అక్షరం కింద నడవాలి, పెదవులు కదలాలి, మాట నా చెవిన పడాలి. అప్పుడే అర్థమవుతుంది.

జగిత్యాలలో మొదటిసారి ఊరికే వింటూ కూర్చున్నాను. రెండోసారి కోరుట్లలో, నా వంతు వచ్చేలోపు ఒకసారి చూసుకుందామని పుస్తకం తెరిచాను. పక్క కుర్చీలో ఉన్న రిటైర్డు సారు నా వైపు వంగి, "అమ్మా, మనసుల చదువుకోవాలె. అవుతల మాట్లాడుతున్నరు" అన్నారు. ఆయన తప్పేమీ లేదు, మెల్లగానే అన్నారు. కానీ నాకు ముఖం చెల్లలేదు. పుస్తకం సంచిలో పెట్టేశాను. నా వంతు వచ్చినప్పుడు లేచి, "నేనేం చదువుతలేను" అన్నాను.

నాలుగేళ్ల చదువును నా నోటితోనే లేదన్నాను. రెండు నెలలుగా అదే బాధ. ఈసారి చెప్పలేకపోతే ఇక వెళ్లడం మానేస్తానని కోడలికి చెప్పి బయలుదేరాను.

మెట్‌పల్లి నుంచి ఏడున్నర బస్సులో కోరుట్ల చేరాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. బస్టాండులో పది రూపాయల చాయ్ తాగి, వేములవాడ బోర్డు చదువుకుని ఎనిమిదీ ఇరవై బస్సు ఎక్కాను. బోర్డు చదివాక కూడా "ఇది వేములవాడకేనా?" అని కండక్టరమ్మను అడిగాను. ఆ అలవాటు ఇంకా పోలేదు.

బస్సులో సగం మంది రాజన్న దర్శనానికి పోయేవాళ్లే. కిటికీ పక్కన చోటు దొరికింది. కథలాపూర్ దాటాక పుస్తకం తీశాను. అరవై ఒకటో పేజీ. బావులు తవ్వే ఇద్దరు అన్నదమ్ముల కథ అది. తొమ్మిదేళ్లుగా వాళ్ల మధ్య మాటల్లేవు. తమ్ముడు బావిలో మట్టి తవ్వుతాడు, అన్న పైనుంచి తాడుతో గంప లాగుతాడు. తమ్ముడు తాడు ఒకసారి గుంజితే గంప లాగమని, రెండుసార్లు గుంజితే తనను పైకి తీయమని. తొమ్మిదేళ్లు అలాగే పని నడిచింది.

ఇంజను మోతలో నా గొంతు ఎవరికి వినబడుతుందిలే అనుకున్నాను. వెనక సీటులో కొబ్బరికాయల సంచి పట్టుకున్న ఆమె ముందుకు వంగింది.

"అక్కా, వాళ్లకు ఏం పంచాదట?"

"పొలం గట్టు పంచాది."

"మా ఆయనకు వాళ్లన్నకు గూడ గదే. బాయి తవ్వుతలేరు గంతే."

పక్కనున్న భర్త కిటికీలోంచి బయటికి చూస్తూ, "పుస్తకం సదివేది ఆమె. నడుమ నీదేంది?" అన్నాడు.

టికెట్లు కొట్టడం అయిపోయిన కండక్టరమ్మ వచ్చి నా సీటు కమ్మీ పట్టుకుని నిలబడింది. ముప్పై ఏళ్లుంటాయేమో. "పెద్దమ్మా, జర గట్టిగ సదువు. ఇంజన్ల ఇనవడ్తలేదు" అంది.

రుద్రంగి, చందుర్తి ఎప్పుడు పోయాయో తెలియలేదు. ఆరు పేజీలు అయ్యాయి. వేములవాడలో దిగుతుంటే కండక్టరమ్మ వెనకనుంచి కేకేసింది. "నాలుగున్నరకు గీ బస్సే మర్ల కోరుట్లకు పోతది. గీన్నే ఎక్కు పెద్దమ్మా. గా అన్నదమ్ములు మాట్లాడుకున్నరో లేదో నాకు తెల్వాలె."

అక్కడ గుండు చేయించుకున్నవాళ్ల మధ్య నిలబడి సిరిసిల్ల బస్సు ఎక్కాను. అరగంట ప్రయాణం. బస్టాండు నుంచి పది నిమిషాలు నడిస్తే మేం కలిసే గది. కుట్టుమిషన్ల దుకాణం పైన ఉంది. దారిలో ఇంటింటా బట్ట నేసే సాంచాల చప్పుడు. రెండు సందులు దాటేసరికి నా అడుగుల చప్పుడు నాకే వినబడలేదు.

గదిలో పదిహేడు మందిమి ఉన్నాం. కోరుట్లలో చూసిన సారూ ఉన్నారు. నన్ను చూసి నమస్కారం పెట్టారు. ఆయన పిట్టల గురించి చదువుతున్నారట, తన ఇంటి వెనక వాలే పిట్టలు మూడింటిని పుస్తకంలో పట్టుకున్నానని సంతోషంగా చెప్పారు. ఇంకా ముగ్గురి తర్వాత నా వంతు. పుస్తకం ఒడిలో తెరిచి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, గొంతు రాకుండా చదువుకోసాగాను. కొంగు కాస్త జారినట్టుంది, మళ్లీ సర్దుకున్నాను.

ఉన్నట్టుండి ఎదుటి వరుసలోంచి పెద్ద గొంతు లేచింది. "అక్కా, కొంగు తియ్యి! తమ్ముడు తాడు గుంజిండు. అటెన్క ఏమైంది?"

అందరూ ఇటు తిరిగారు. అరవై ఏళ్ల మనిషి, పేరు నర్సయ్య. మాట్లాడుతున్నవాళ్లను ఆపేశానని ఆయనకు అప్పుడు తెలిసినట్టుంది, నవ్వాడు.

"ఏమనుకోకుండ్రి. ముప్పై అయిదేండ్లు సాంచల కాడ వనిజేసిన, చెవులు వోయినయ్. గక్కడ మేం మాటలు మూతి జూసే తెల్సుకుంటం. ఈడ అందరు పుస్తకం వట్టుకొని మూతి ముడుసుకుంటరు. సదువుతుంటె నాకు ఇనవడ్డది గీ అక్కనే."

కొంగు తీసేశాను. లేచి నిలబడ్డాను. "కోరుట్లల అబద్ధం జెప్పిన. నేను చదువుతున్న. నోటితోనే చదువుత, నాకు గట్లనే వస్తది" అన్నాను.

సారు లేచారు. మనసులో చదవమన్న మాట ఆయనకూ గుర్తుండే ఉంటుంది. తన కుర్చీ పక్కకు జరిపి, నాది కిటికీ వైపు తిప్పారు. "ఇటు కూసోండ్రి రాజవ్వగారూ. మీ ముఖం మీద వెలుతురు వడాలె, నర్సయ్యకు కనవడాలె."

పేజీన్నర చదివాను. వేలు పెట్టుకునే చదివాను. నర్సయ్య కన్ను తిప్పలేదు. అయిపోయాక వెనకనుంచి ఒకాయన, "నేను సదివిన గీ నవల. ఆఖరుకు ఆ అన్న ఉన్నడు సూడు..." అని మొదలుపెట్టాడు. అందరికన్నా ముందు ఆయన పెదవులు చూసి నర్సయ్యే అరిచాడు. "నువ్వు మూతి ముయ్యి!" గదంతా నవ్వింది.

దగ్గర్లోని మెస్సులో భోజనం తొంభై రూపాయలు. పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు బాగున్నాయి. నా సర్వపిండి నర్సయ్య, సారు చెరో ముక్క తిన్నారు. తర్వాతి కలయిక జగిత్యాలలో. "నీకు ఎదురుంగనే కూసుంట" అన్నాడు నర్సయ్య.

మూడూ నలభైకి సిరిసిల్ల వదిలాను. వేములవాడలో కోరుట్ల బస్సు సిద్ధంగా ఉంది. కండక్టరమ్మ తన సీటు పక్కన సంచి పెట్టి నాకోసం చోటు ఆపింది. "మాట్లాడుకున్నరా?" అంది, నేను కూర్చోకముందే.

"నేను గూడ ఇంకా సదువలే బిడ్డా."

"గట్లయితె సదువు."

ఆమె టికెట్లకు లేచిన ప్రతిసారీ ఆపాను. వచ్చి కూర్చున్నాక మళ్లీ మొదలు. కోరుట్ల బస్టాండులోకి వచ్చేసరికి ఆరుంపావు. అప్పటికి కథలో బావి గోడ నుంచి ఒక రాయి కదులుతోంది. పైనున్న అన్నకు కనిపిస్తోంది, కింద వంగి తవ్వుతున్న తమ్ముడికి కనిపించడం లేదు. రాయి పడుతోందని చెప్పడానికి తాడులో గుర్తేమీ లేదు.

డ్రైవరు ఇంజను ఆపేశాడు. జనం దిగిపోయారు. కండక్టరమ్మ లేవలేదు. నేను వేలు పెట్టి చదువుతున్నాను. పేజీ చివరి వరుస మొదట్లో వేలు ఉండగానే, వరుస చివర ఉన్న మాట కంటబడింది. తమ్మీ. వేలు ఇంకా అక్కడికి చేరలేదు, పెదవులు కదలలేదు, అయినా అన్న గొంతు నాకు వినబడింది. నాలుగేళ్లలో ఎన్నడూ ఇలా జరగలేదు. మనసులో చదవడమంటే ఇదే కాబోలు.

"ఏమైంది పెద్దమ్మా, ఆగినవేంది? మాట్లాడిండా?"

కళ్లు తుడుచుకుని వేలు మళ్లీ వరుస మొదట పెట్టాను. నాకు తెలిసిపోయింది కానీ, ఆమెకు ఇంకా తెలియదు. గట్టిగానే చదివాను.