స్తంభం దగ్గర్నుంచి మొదలు

అర్విడ్ టాలెఫ్సన్ ఎవరింట్లో అడుగుపెట్టినా ముందు టీవీ వెనక్కి దూరతాడు. పలకరింపులు తరవాత. అమెరికాలోని డలూత్‌లో సరస్సు వైపు జారే ఆ వీధిలో ముప్ఫై ఇళ్ళవాళ్ళకీ ఆయన ముఖం కంటే ఆయన ప్యాంటు వెనకభాగమే ఎక్కువ పరిచయం. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట చిన్న పానా ఉంటుంది. దాంతో కేబుల్ చివరి మరను అరచుట్టు బిగించి, "ఆఁ, ఇప్పుడు చెప్పు, ఎలా ఉన్నావ్?" అంటూ లేస్తాడు.

నలభై ఏళ్ళు ఊరి నీటి గొట్టాలు బాగుచేసి రిటైరైన మనిషి. టీవీలో బొమ్మ కూడా నీళ్ళ లాంటిదేనని ఆయన సిద్ధాంతం. వీధిలో కేబుల్ స్తంభం దగ్గర బయల్దేరుతుంది, దారిలో ఎక్కడో కారిపోతుంది, టీవీ దాకా వచ్చేసరికి నీరసపడుతుంది. అందుకే ఎవరే కష్టం చెప్పుకున్నా ఆయన మందు ఒకటే: "స్తంభం దగ్గర్నుంచి మొదలెట్టు." బేకరీ గస్ భార్య అలిగి పుట్టింటికి పోయినప్పుడూ అదే చెప్పాడు. గస్ ఏమీ తోచక నిజంగానే వెళ్ళి స్తంభం కేసి కాసేపు చూసి వచ్చాడు. భార్య మూడోరోజు తిరిగొచ్చింది. ఆ కీర్తి అర్విడ్ ఖాతాలో పడింది.

పక్కింటి మారిట్ మాత్రం ఇలాంటివి నమ్మదు. భౌతికశాస్త్రం చదివిన పిల్ల. అయితే ఎనిమిది నెలల కిందట లివ్ పుట్టినప్పటి నుంచి ఆ శాస్త్రమంతా పాప ఊపిరి లెక్కపెట్టడానికే సరిపోతోంది. జనవరిలో ఓరోజు పాప ఒళ్ళు కాలిపోతోందని పరుగున వెళ్ళి ఆయన్ని లాక్కొచ్చింది. ఆయన ముందు టీవీ వెనక మర బిగించి, అప్పుడు పాప నుదురు తాకాడు.

"ఎన్ని దుప్పట్లు కప్పావమ్మాయ్?"

"నాలుగు."

"మూడు తీసెయ్."

అరగంటలో పాప చల్లబడింది. ఆనాటి నుంచి మారిట్‌కి ఆయన్ని పూర్తిగా నమ్మబుద్ధీ కాదు, చూసి నవ్వబుద్ధీ కాదు.

మార్చిలో ఎదురింటి వియెనో లాహ్తికి కష్టం వచ్చింది. ఆవిడకి ఎనభై ఒకటి. గనుల ఊళ్ళో ఉండే కూతురి కొడుకు ఓస్మో రాష్ట్రస్థాయి బడి పిల్లల హాకీ పోటీలో ఆడాడు. ఆట మొదలయ్యే ముందు కుర్రాళ్ళంతా శిరస్త్రాణాలు తీసి, మంచు మీద జారుతూ వచ్చి ఒక్కొక్కరే కెమెరా ముందు ఆగుతారు. రాష్ట్రమంతా వాళ్ళ జుట్లు చూసి మురుస్తుంది. ఆవిడ దాన్ని రికార్డరులో పట్టి ఉంచింది. మర్నాడే ఓస్మో ఫోన్.

"అమ్మమ్మా, కెమెరా ముందు నీకోసం ఒకటి చేశాను. చూశావా?"

"చూడకపోతానా?" అంది ఆవిడ. చూడలేదు. ఆవిడకి ఆ రికార్డింగులో ప్రతి కుర్రాడూ ఆవిరి పట్టిన కిటికీ అద్దంలా కనిపించాడు.

కేబుల్ అబ్బాయి వచ్చి, బొమ్మ శుభ్రంగా ఉందనీ, కళ్ళు చూపించుకోమనీ అన్నాడు. గుమ్మంలో విప్పిన అతని బూట్లు ఆవిడ చేతిలోంచి మంచులోకి ఎగిరిపడ్డాయి. కూతురూ అదే మాట అంది. కూతురితో మాటలు బంద్.

"వాడేం చేశాడో నేను చెప్పనా బామ్మగారూ?" అంది మారిట్. ఆమెకు బొమ్మ స్పష్టంగానే కనిపిస్తోంది.

"నువ్వు నోరు మూసుకో. నేనే చూడాలి. మేలో మాతృదినోత్సవానికి వస్తాడు వాడు. ఫోన్లో అయితే అబద్ధమాడాను. ఎదురుగా కూచోబెట్టుకుని ఎలా ఆడను?"

అప్పుడు అర్విడ్ వచ్చాడు, టీవీ వెనక్కి వెళ్ళాడు. లోపల్నుంచి తీర్పు వినిపించింది: "స్తంభం దగ్గర్నుంచి మొదలెట్టాలి."

మొదటిరోజు మోకాలి లోతు మంచులో స్తంభాన్ని చూశాడు. రెండోరోజు బయటిగోడ మీద తుప్పుపట్టిన మర తీసి కొత్తది వేశాడు. మూడోరోజు నేలమాళిగలో ఒక్క కేబుల్‌ని నాలుగుగా చీల్చే బిళ్ళ దొరికింది. ఒక పాయ వెళ్ళి బట్టలుతికే యంత్రం వెనక గాల్లో వేలాడుతోంది.

"ఒక గొట్టానికి నాలుగు కుళాయిలా? ఇంక ధారెక్కడుంటుంది?" అని బిళ్ళ పీకేశాడు.

మారిట్ ఆగలేకపోయింది. "అర్విడ్ గారూ, ఆట రికార్డయిపోయి పది రోజులైంది. ఇప్పుడు తీగ బిగిస్తే పాత బొమ్మ మారుతుందా? నిన్నటి వానకి ఇవాళ గొడుగు పట్టినట్టుంది."

"వరస తప్పకూడదమ్మాయ్. ఒకేసారి రెండు మారిస్తే ఏది తప్పో ఎప్పటికీ తెలీదు."

ఆ మాట శాస్త్రమే కాబట్టి మారిట్ పళ్ళు నూరుకుంది. నాలుగోరోజు రికార్డరు నాణ్యత ఏ మెట్టు మీదుందో చూశాడు. పైమెట్టు మీదే ఉంది. అయిదోరోజు గోడ దగ్గరి మర, ఆరోరోజు రికార్డరు నుంచి టీవీకి వెళ్ళే తీగ. పని అయ్యాక రోజూ మూడు ముక్కలు యాలకుల రొట్టె, కాఫీ. వెళ్ళబోతూ ఒకే పరీక్ష.

"వియెనో, కుర్చీ ఓ అడుగు ముందుకు జరుపు. ఆ పైమూల అంకెలు చదువు."

"మూడు. కాదు, ఎనిమిది. మసకగా ఉందయ్యా నీ బొమ్మ."

"ఊఁ," అనేవాడు అర్విడ్.

ఏడోరోజు ఆయన వచ్చి టీవీ వెనక్కి వెళ్ళలేదు. టోపీ చేత్తో పట్టుకుని గది మధ్యలో నిలబడ్డాడు. సూర్యగ్రహణమైనా ఆ వీధిని అంతగా కలవరపెట్టదు.

"ఓడిపోయాను వియెనో. స్తంభం నుంచి టీవీ గాజు దాకా అన్నీ చూశాను. ఇంకో రెండు కనెక్షన్లు మిగిలాయి. అవి చూస్తేగానీ నాకు నిద్రపట్టదు."

"ఎక్కడున్నాయవి?"

ఆయన పానాతో ఆవిడ కళ్ళద్దాల వైపు చూపించాడు. మారిట్ చప్పున గుమ్మం కేసి చూసింది. ఆయన బూట్లు ఇంకా అక్కడే ఉన్నాయి.

"నా కళ్ళు బాగానే ఉన్నాయి," అంది వియెనో.

"ఉంటాయి. స్తంభం కూడా బాగానే ఉంది. అయినా చూశానా లేదా? బాగున్నాయని డాక్టరు చెబితే, తప్పు నాదేనని వీధంతా నేనే చాటింపు వేస్తాను."

ఆవిడ మారిట్ కేసి తిరిగింది. "ఈ పిచ్చోడు నన్ను వదిలేట్టు లేడు. వీడి పిచ్చి తీరడానికి వెళ్తాను, అంతే. మారిట్, నువ్వే సాక్షి."

"సాక్షినే బామ్మగారూ."

అరుగు మెట్ల మీద మారిట్ ఆయన్ని ఆపింది. "మీకు మొదటిరోజే తెలుసు కదూ?"

"బాగున్న గొట్టం నాకు తెలీదా?"

"మరి వారం రోజులు మంచులో ఎందుకు పడ్డారు?"

"కేబుల్ కుర్రాడు అయిదు నిమిషాల్లో చెప్పేశాడు. వాడి బూట్లేమయ్యాయి?" అర్విడ్ టోపీ పెట్టుకున్నాడు. "ముసలిదానివయ్యావంటే ఎవరూ కదలరమ్మాయ్. పక్కవాడికి పిచ్చి అంటే జాలిపడైనా కదులుతారు."

రెండు కళ్ళలోనూ శుక్లాలే. ఏప్రిల్లో ఒకటి, మే మొదట్లో ఒకటి తీశారు. రికార్డరు నిండితే పాతవాటిని చెరిపేస్తుందని, అర్విడ్ రోజూ వచ్చి ఓస్మో పదిలంగా ఉన్నాడో లేదో చూసి పోయాడు. రొట్టె కూడా తిన్నాడు.

ఓస్మో రావడానికి ముందురోజు మధ్యాహ్నం వియెనో మీట నొక్కింది. లివ్‌ని ఒళ్ళో పెట్టుకుని మారిట్ పక్కనే కూచుంది. అర్విడ్ యథాస్థానంలో, టీవీ వెనక. తెర మీద ఓస్మో జారుతూ వచ్చి ఆగాడు. వేలు నాలిక మీద తడిపి, నుదుటి మీద లేచిన పిలకని శ్రద్ధగా అణిచాడు. చర్చికి వెళ్ళే ప్రతిసారీ అమ్మమ్మ వాడికి చేసే పని అదే.

ఆవిడ వెనక్కి తిప్పి చూసింది. మళ్ళీ చూసింది. నాలుగుసార్లు చూసింది.

"వెధవ," అంది చివరికి, ముక్కు తుడుచుకుంటూ. "రాష్ట్రం మొత్తం ముందు. అయినా ఆ పిలక ఇంకా లేచే ఉంది."

తరవాత, "అర్విడ్, ఇలా వెలుతురులోకి రా," అంది.

ఆయన వెనక్కి వెనక్కి పాకుతూ బయటపడి లేచి నిలబడ్డాడు. ఆవిడ ఆయన్ని ఎన్నో ఏళ్ళ తరవాత తేటగా, తీరిగ్గా చూసింది.

"ఎప్పుడు ముసలాడివైపోయావయ్యా నువ్వు? చెవుల్లో ఆ అడవేమిటి?"

వేలు తడిపి, నిక్కపొడుచుకున్న ఆయన కనుబొమని మెల్లగా అణిచింది.

"సరే. ఇక టీవీ వెనక్కి వెళ్ళు. అటువైపే నయం."

ఆయన బుద్ధిగా వెళ్ళాడు. అక్కడ ఓ మర ఇంకా అరచుట్టు వదులుగా ఉందని లోపల్నుంచే చెప్పాడు.