చిన్నమ్మ చేతులు ఆగని వైరు

కృష్ణగిరిలో మా చిన్నాయన పోయాడని పోయిన నెల మూకండపల్లిలో నేను పనిచేసే ఫ్యాక్టరీ ఆఫీసుకు ఫోను వచ్చింది. మధ్యాహ్నం అన్నం తిని, మామిడి మండీకి పోవడానికి చెప్పులు వేసుకుంటూ అరుగు మీద అట్లాగే ఒరిగిపోయాడట. బస్సెక్కి కూర్చున్నాక నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఒక వైరు మార్చాలన్నా వారం ఆలోచించే మనిషి, ఈ ఒక్క పనికి ఇంత తొందర ఎందుకు పడ్డాడో అని.

మీలో ఆ మండీకి కాయలు తోలినవాళ్లుంటే ఆయన తెలిసే ఉంటాడు. కాయను ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఎదుటివాడికి ఓపిక నశించేదాకా నోరు విప్పని వ్యాపారి ఆయనే. టైపు నేర్చుకోవడానికి నేను కొన్నాళ్లు వాళ్లింట్లో ఉన్నాను. అప్పుడే, ఎనభైల మొదట్లో కాపు బాగా వచ్చిన ఒక ఏడు, ఆయన బెంగళూరు నుంచి స్టీరియో తెచ్చాడు. టేపు డెక్కు, యాంప్లిఫైయరు, రెండు స్పీకరు పెట్టెలు. వీధిలో అందరూ షోకు అనుకున్నారు. నిజానికి అది చిన్నమ్మ కోసం.

చిన్నమ్మ పుట్టిల్లు బాగలూరు. పూలతోటల్లో పాడుకుంటూ పెరిగిన మనిషి. విషజ్వరం వచ్చి తగ్గాక ఆమె చెవులు పదునైన శబ్దాలను ఓర్వలేకపోయేవి. పళ్లెం కింద పడితే చాలు, రెండు చేతులతో చెవులు మూసుకునేది. పాడటం మానేసింది, రేడియో గరగరకు తలనొప్పి అనేది. మంచి సెట్టయితే మెత్తగా పలుకుతుంది, ఆమె మళ్లీ పాట దగ్గర కూర్చుంటుంది అని ఆయన ఆశ.

తీరా పెట్టి చూస్తే రేడియోనే నయం. వీణ కేసెట్టు వేశాడు. మీటిన ప్రతిసారీ చెవిలో సూది దిగినట్టుంది. చిన్నమ్మ కాసేపు ఓర్చుకుని పూలబుట్ట ఎత్తుకుంది.

"బాగానే ఉండాది. మీరు వినండి. నాకు అరుగు మీద గాలి వస్తాది" అంటూ బయటికి పోయింది.

ఆయన టేపు ఆపేశాడు. "ఆమె లేకుండా వినేదానికి నాకు పాట ఎందుకమ్మా?" అన్నాడు నాతో.

తప్పు వైర్లదే అని తీర్మానించాడు. ఎందుకంటే ఆయన లెక్క మామిడికాయ లెక్క. "చెట్టు మంచిదే, కాయ మంచిదే. దారిలో దెబ్బ తగిలుంటాది" అన్నాడు. కేసెట్టు చెట్టు, స్పీకరు అంగడి, మధ్యలో వైరు దారి. ఇక మొదలైంది వైర్ల వేట. పంపుసెట్టుకు వాడే లావు వైరు స్పీకర్లకు పెట్టాడు, పదును తగ్గలేదు. మెడలో గొలుసంత సన్న వైరు పెట్టాడు, పాట పీలగా అయిపోయిందే తప్ప సూది పోలేదు. ఇంట్లో ఎక్కడ కాలు పెట్టినా వైరే. "చిన్నాయనా, ఇది ఇల్లా, కరెంటాఫీసా?" అని నేను ఎగతాళి చేసేదాన్ని.

ఒకరోజు ఆయనకు ఇంకో ఆలోచన తట్టింది. కొత్త వైరు పచ్చికాయ లాంటిదట. "పుల్లగా ఉండాదని కాయను పారేస్తామా? మాగబెట్టల్ల" అని కొత్త వైరు చుట్టలను మండీలో కాయల మధ్య గడ్డిలో పెట్టి వచ్చాడు. కృష్ణగిరి మండీ మనిషికి తప్ప ఇంకెవరికైనా తోచే పనేనా ఇది! వారం తర్వాత గడ్డి తీసి చూస్తే, ఎలుకలు వైర్ల తోలంతా కొరికి రాగి బయటపెట్టాయి. కూలీలు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆయన ఆ చుట్టలను ఇంటికి తెచ్చి చిన్నమ్మ ముందు పెట్టాడు.

"మాగినాయా?" అంది చిన్నమ్మ.

"మాగినాయి. ఎలుకలు మనకంటే ముందే రుచి చూసినాయి."

జ్వరం తర్వాత ఆమె పకపకా నవ్వడం నేను చూసింది ఆ రోజే. ఆయన తన తెలివితక్కువతనానికి అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ గుణం నాకు ఇప్పటికీ రాలేదు.

వైరు మార్చినప్పుడల్లా చిన్నమ్మను పిలిచి కూర్చోబెట్టేవాడు. ఆమె కనకాంబరాలో మల్లెలో కడుతూ వినేది. ఎట్లా ఉందని మాత్రం అడిగేవాడు కాదు. పేపరు అడ్డం పెట్టుకుని, అంచు మీద నుంచి ఆమె వేళ్లను చూసేవాడు. శబ్దం గుచ్చుకున్నప్పుడు దారం చుట్టే వేలు ఆగిపోయేది, ముడి వదులయ్యేది. అప్పుడు పేపరు మడిచి, వైరు పీకేసేవాడు.

"అడిగితే పోతుంది కదా చిన్నాయనా" అన్నాను.

"నోరు మర్యాద చెప్తాదమ్మా. చేతులు నిజం చెప్తాయి."

చివరికి ఆయన స్నేహితుడు, పెళ్లిళ్లకు మైకుసెట్టు పెట్టే ఆయన, పాత మైకు వైరు ఒకటి ఇచ్చాడు. నల్ల రబ్బరు తోలుది, చాలా పొడుగు, వానకు తడిసి ఎండకు ఎండినది. స్పీకర్ల వైర్లు వదిలేసి, టేపు నుంచి యాంప్లిఫైయరుకు పోయే వైరు మార్చి చూడమన్నాడు. మార్చి వీణ పెట్టాడు. నా చెవికే తేడా తెలిసింది, సూది మొన విరిగినట్టు. చిన్నమ్మ మల్లెలు కడుతోంది. చేతులు ఆగలేదు. కేసెట్టు ఒక వైపు పూర్తయ్యేదాకా ఆగలేదు. పేపరు వెనుక చిన్నాయన కళ్లు తుడుచుకున్నాడు.

"ఎన్ని పెళ్లిళ్లు చూసినాదో ఈ వైరు. ఇంక అరిచేది మానుకొనింది" అన్నాడు.

ఆ తర్వాత సాయంత్రాలు ఇద్దరూ హాల్లోనే ఉండేవాళ్లు. కొన్నాళ్లకు చిన్నమ్మ సన్నగా కూనిరాగం తీయడం విన్నాను. పక్క మనిషి సుఖం కోసం ఇంత ఓపికగా చెవి పెట్టిన మగవాణ్ని నేను మళ్లీ చూడలేదు. ఆయన ఇంట్లో కొన్నాళ్లు ఉన్నందుకు నా జన్మ ధన్యమే.

దినాలు అయిన మరునాడు చుట్టాలంతా వెళ్లిపోయారు. చిన్నమ్మ హాల్లో కూర్చుని ఆయన పటానికి మల్లెమాల కడుతోంది. "ఆ వీణ పెట్టమ్మా" అంది. పెట్టాను. నాలుగు ముడులు వేసిందో లేదో, చేతులు ఆగిపోయాయి. వైరు వదులైందేమో అని లేచాను.

"వైరుకేం కాలేదు లేమ్మా. పేపరు చప్పుడు లేదే అని చూసినాను" అంది.

"నీ చేతులు చూసేవాడని నీకు తెలుసా చిన్నమ్మా?"

"తెలీకేం? పేపరు తలకిందులు పట్టుకొని చదివే మనిషి యాడైనా ఉంటాడా?"

"అయితే ఆ మైకు వైరు పెట్టిన రోజు..."

"మెత్తగానే ఉండె. రవ్వంత గుచ్చుకొనె. చేతులు ఆపినానంటే ఆ మనిషి మళ్లా వైర్ల కోసం ఊరూరా తిరగల్ల. అందుకే ఆపలేదు. ఆ రవ్వంత కూడా ఎప్పుడు పోయిందో నాకే తెలీదమ్మా."

మళ్లీ దారం అందుకుంది. వీణ మోగుతూనే ఉంది. పటానికి కావలసినంత పొడవు ఎప్పుడో అయిపోయింది, అయినా ఆమె వేళ్లు ఆగలేదు. మాల ఒళ్లోంచి జారి, నేల మీద పాకి, ఆయన కుర్చీ కాళ్ల దాకా వెళ్లింది.