ఆయన రికార్డు మీద ఆమె రికార్డు

తొంభైల్లో అంబత్తూరులోని ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం నాది. కార్మికుల వివరాలన్నీ అందులోకి ఎక్కించాలి. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు, సాయంత్రానికి కళ్ళు మంటలు. ఆ ప్రోగ్రాం రాసిన మహానుభావుడెవరో గానీ, మా అవస్థ తెలిసి ఒక సదుపాయం మాత్రం పెట్టాడు. పాత రికార్డు తెరిచి ఒక మీట నొక్కితే అందులోని వివరాలన్నీ కొత్త రికార్డులోకి వచ్చి కూర్చుంటాయి. మారాల్సినవి మార్చుకుంటే చాలు. మా ఫ్యాక్టరీలో సగం మంది ఒకరికొకరు చుట్టాలే కాబట్టి నాకది భలే కలిసొచ్చేది. అన్న వివరాల మీద తమ్ముణ్ణి, మామ వివరాల మీద అల్లుణ్ణి తయారుచేసేదాన్ని. అంతంత పొడుగు అడ్రసులు మళ్ళీ కొట్టే బాధ తప్పేది.

భర్త వివరాల మీద భార్యను తయారుచేయాల్సి వచ్చింది ఒక్కసారే.

ఆయన రేకులు నొక్కి భాగాలు తీసే ప్రెస్ షాపులో పనిచేసేవాడు. ఒక ఉదయం మెషీన్ దగ్గరే కుప్పకూలాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళారు గానీ మధ్యాహ్నానికల్లా ప్రాణం పోయింది. ఆ ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తామని కంపెనీ చెప్పింది. పిల్లలు చిన్నవాళ్ళు, నాకివ్వండని భార్య అడిగింది. ఆయన తల్లి మాత్రం చిన్నకొడుక్కి ఇవ్వాలని పట్టుబట్టింది. తనకు అభ్యంతరం లేదని తల్లి వేలిముద్ర వేస్తే తప్ప కోడలికి ఉద్యోగం రాదు. చిన్నకొడుకుతో ఊరికి ఆ కొసన వాషర్‌మెన్‌పేట్‌లో ఉండే ఆవిడ చాన్నాళ్ళు రానే లేదు. చివరికి వచ్చిన రోజు కూడా వేస్తాననలేదు, వెయ్యననలేదు. కోడలి వివరాలు ఎక్కించి ప్రింటు తియ్యమనీ, పెద్దావిడ వేస్తే దాని మీదే ముద్ర వేయించుకోమనీ మా ఆఫీసరు నాకు చెప్పి మీటింగుకు వెళ్ళిపోయాడు. ఇలాంటివన్నీ నా నెత్తిన రుద్దడం ఆయనకు అలవాటు.

అత్తాకోడళ్ళు నా బల్ల పక్కన కూర్చున్నారు. చుట్టూ అరవమే వినిపించే ఆ ఆఫీసులో వాళ్ళదీ మా ఇంట్లో మాట్లాడుకునేలాంటి తెలుగే.

"వాడు ఆసుపత్రిలో ఉంటే నన్ను పిలవలా ఇది," అంది పెద్దావిడ నాతో, కోడలి వైపు చూడకుండా. "అంతా అయిపోయినాక కబురంపింది."

"ఆఫీసు వాన్ వచ్చి ఎక్కమంటే ఎక్కినా అత్తా. నాకు మాత్రం ఏం తెలుసు?" అంది కోడలు.

ఈ మాటలు అదివరకే చాలాసార్లు అనుకున్నట్టున్నారు, అక్కడితో ఆగిపోయారు.

నేను ఆయన రికార్డు తెరిచి మీట నొక్కాను. కొత్త నంబరు కింద మళ్ళీ ఆయనే వచ్చాడు. పేరులో ఒక్కో అక్షరం చెరపడం మొదలుపెట్టాను. పెద్దావిడకు చదువు రాకపోయినా అక్షరాలు మాయమవడం కనిపించింది.

"ఏంది తుడస్తా ఉండావు? నా కొడుకు పేరా?"

"ఇది నకలు పెద్దమ్మా. ఆయనది ఆడ అట్నే ఉంది," అన్నాను.

ఆవిడ నమ్మలేదు. పాత రికార్డు తెరిచి, పేరు వేలితో చూపిస్తూ చదివాను. ఆవిడ ముందుకు వంగి చాలాసేపు చూసింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు. పోయిన మనిషి రక్తం గ్రూపుతో సహా తెర మీద చెక్కుచెదరకుండా ఉన్నాడు.

తర్వాత ఒక్కో గడి కోడలికి చదివి చెబుతూ మార్చుకుంటూ వచ్చాను. అడ్రసు అదే. పిల్లలు వాళ్ళే. రక్తం గ్రూపు తెలీదంటే అది ఖాళీ చేశాను. కిందికి వచ్చి, "ప్రమాదం జరిగితే కబురు చేయాల్సినవారు" అని చదివి, దాని ఎదురుగా ఉన్న పేరు కూడా అదే ఊపులో చదివేశాను. అది ఆమె పేరే. ఆయన రికార్డులో ఉన్న భార్య పేరు మిగతా వాటితో పాటే నకల్లోకి వచ్చేసింది.

"నాకేమన్నా అయితే నాకే చెప్తారా మేడం?" అంది ఆమె.

మామూలుగా అయితే నవ్వుకునేవాళ్ళం. ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు. ఆ పేరు చెరిపి, ఎవరిది పెట్టమంటావని అడిగాను. ఆమెకు అమ్మానాన్నలు లేరు. పక్కింటామె పేరు చెప్పబోయి, వాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తున్నారని గుర్తొచ్చి ఆగిపోయింది. ఆ గడి నింపకపోతే ప్రోగ్రాం ముందుకు పోదు. ఆ సంగతి ఆమెతో అనడానికి నాకు నోరు రాలేదు.

పెద్దావిడే అడిగింది. "నా కొడుకు దాంట్లో దీని పేరే ఉండిందా?"

"అవును పెద్దమ్మా. ఆ పేరు చూసే వాన్ పంపినారు."

"నా పేరు లేదా?"

"ఒక్క పేరుకే చోటు."

ఆవిడ తెర మీది ఖాళీ గడి వైపు చూసింది. కోడలు తల వంచుకుని కూర్చుంది.

"సరి. ఈడ నా పేరు కొట్టు," అంది పెద్దావిడ.

కొట్టాను. ప్రింటరు గరగరమంటూ కాగితం వదిలింది. ఇంకు ప్యాడ్ తెరిచి చెయ్యి పట్టుకోబోతే, ఆవిడే బొటనవేలు అద్ది కాగితం మీద గట్టిగా నొక్కింది. వేలికంటిన సిరా కొంగుతో తుడుచుకుంటూ నాతో అంది:

"దీనికేమన్నా అయితే నాకు చెప్పండి. పాణం ఉండంగానే చెప్పండి."