గుట్ట మీది ఊట, నా మెడ మీది మచ్చ

చిన్నప్పుడు సెలవులొస్తే మేం గుట్ట మీదే నిద్ర లేచేవాళ్లం... భీమ్‌గల్ దాటి లోపలికి వెళ్తే, గుట్టల మధ్య మా అమ్మమ్మ వాళ్ల చిన్న టౌను. పేరు మాత్రం చెప్పను. మా క్లాస్ వాళ్లు కూడా ఇది చదువుతారు కదా...

అక్కడ వీధులన్నీ ఏటవాలే. పై ఇంటి వాకిలి, కింది ఇంటి రేకులతో సమానంగా ఉంటుంది. అరుగుల మీద ఆడవాళ్లు చాటల్లో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతుంటారు. వీధి చివర బండల సందులోంచి ఊట... నీళ్లు పారినంత మేరా బండలు ఎర్రగా ఉంటాయి. తాగితే ఇనుప మేకు నాకినట్టు ఉంటుంది!

మా అమ్మమ్మను అందరిలాగే నేనూ 'అవ్వా' అనేదాన్ని. అసలు ఊరే ఆ ఊట వల్ల పుట్టిందని చెప్పేది. ఆ కాలంలో పసుపు బండ్లు నిజామాబాద్ గంజ్ మార్కెట్‌కు ఆ దారినే వెళ్లేవట. కాడి రాసుకుని పుండ్లు పడిన ఎడ్ల మెడలను ఆ నీళ్లతో కడిగితే మానేవట. ముందు ఎడ్లు, తర్వాత మనుషులు... బండ్లు ఆగేచోట చాయ్ హోటల్, ఎడ్లకు నాలలు కొట్టే కొలిమి, ఆ పైన ఇళ్లు.

చర్మానికి ఏదైనా వస్తే అక్కడ స్నానం చేసి, ఉప్పు, బెల్లం నీళ్లలో వేస్తారు. అవి కరిగేదాకా బండ మీద కూర్చోవాలి. ఇంకో కట్టుబాటు కూడా ఉంది... అక్కడ ఎవరినీ "ఎందుకొచ్చినవ్" అని అడగకూడదు. అడిగితే ఆ రోగం అడిగినవాళ్లకే అంటుకుంటుందట!

అందుకని మిగతావన్నీ అడిగేవాళ్లు. "ఏం కూరొండినవ్ అక్కా?" "నీ చిన్నబిడ్డకు సంబంధం కుదిరిందా?" "గీ చీర యాడ కొన్నవ్?" అదొక్కటి తప్ప...

నాలుగో తరగతిలో నా మెడ మీద తెల్లమచ్చ వచ్చింది. బడిలో ఎవరికైనా తెలిస్తే నా పక్కన కూర్చోరని భయం. ఎండాకాలంలో కూడా కాలర్ బొత్తాం పైదాకా పెట్టుకునేదాన్ని. ఆ దసరా సెలవుల్లో అవ్వ నన్ను ఊట దగ్గరికి తీసుకెళ్లింది.

మెడ కడుక్కుని తలెత్తి చూస్తే ఎదురుగా మా క్లాస్ లీడర్! తబస్సుమ్ అనుకుందాం, అసలు పేరు వేరు. ఎవరికి ఎన్ని మార్కులొచ్చాయో, ఎవరిని మిస్ తిట్టిందో బడంతా చెప్పేది ఆమే. వాళ్ల దాదీతో, అంటే నాయనమ్మతో వచ్చింది. టవల్ దూరంగా ఉంది...

పైగా బడి ఫంక్షన్‌లో ఆమెను చూసిన మా అవ్వ ఊరుకుంటుందా!

"సూడే, గా పిల్ల మీ బళ్లె పిల్లనే గదా? మాట్లాడు పో!"

నేను విననట్టు మళ్లీ మెడ కడుక్కోసాగాను. దాదీ నవ్వింది.

"ఔ అవ్వా, ఇద్దరూ ఒక్క తీర్గనే మూతి ముడుసుకున్నరు."

"గంతే మరి... బళ్లె ఇంగ్లీష్ల మాట్లాడుతరు గద. గీ నీళ్లకు ఇంగ్లీష్ రాదని సప్పుడు చేస్తలేరేమో!"

ఇద్దరు ముసలమ్మలూ పగలబడి నవ్వుకున్నారు. అప్పుడు తబస్సుమ్ మెల్లగా తన సాక్సులు విప్పింది. కాలివేళ్ల నిండా పులిపిర్లు... శనివారం పీటీ పీరియడ్‌లో బూట్లు విప్పమంటే కాలు నొప్పి అని ఎందుకు పక్కన కూర్చునేదో నాకు అప్పుడు అర్థమైంది. మేమంతా పొగరు అనుకునేవాళ్లం.

వచ్చి నా పక్కన కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టబోయింది.

"చల్లగున్నయా?" అంది.

"మస్తు చల్లగున్నయ్."

అంతే... బెల్లం కరిగేదాకా ఇంకో మాట లేదు.

బడి తెరిచే రోజు నాకు జ్వరం వచ్చినంత పనైంది. ఈపాటికి అందరికీ చెప్పేసి ఉంటుంది అనుకున్నాను. లంచ్ టైంలో ఒకమ్మాయి "ఎప్పుడూ గీ బొత్తాం ఎందుకు పెట్టుకుంటవే?" అంటూ నా కాలర్ మీద చెయ్యి వేసింది.

"ఏయ్, లీవ్ హర్ యా! ఆమె బొత్తాం ఆమె ఇష్టం. నీకేమైతుంది?"

తబస్సుమ్! నా చెయ్యి పట్టుకుని నీళ్ల ట్యాంకు దాకా లాక్కెళ్లింది. ఆ శనివారం పీటీలో నాక్కూడా కాలు నొప్పి వచ్చింది. ఇద్దరం గోడ పక్కన కూర్చుని ఉసిరికాయలు తిన్నాం...

ఆమె పులిపిర్లు పోయాయి. నా మచ్చ పోలేదు. "బెల్లం తక్కువేసినం కావచ్చు బిడ్డా" అని అవ్వ ఇప్పటికీ బాధపడుతుంది.

ఇప్పుడు ఊట చుట్టూ టైల్స్ వేశారు. నీళ్లలో ఏమేం ఉన్నాయో బోర్డు పెట్టారు. కార్లలో వచ్చి క్యాన్లు నింపుకుంటున్నారు. మొన్న వీడియో తీస్తున్న ఒకాయన నన్ను చూసి "ఏం ప్రాబ్లం?" అని సూటిగా అడిగాడు. చున్నీ సర్దుకుని వచ్చేశాను.

నేనిప్పుడు ఇంటర్. హాస్టల్లో ఇంకా ఎవరికీ తెలియదు. భయం కూడా పోలేదు... కానీ తబస్సుమ్ ఆదివారం ఫోన్ చేస్తే గంటసేపు నవ్వుతాను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మచ్చ సంగతి ఎత్తలేదు.

ఏమీ అడగకుండా పక్కన కూర్చున్నవాళ్లు మీకూ ఉంటే కింద రాయండి... పేరు పెట్టకపోయినా పర్వాలేదు, నేనూ పెట్టలేదు.